విశాఖ ఆల్చిప్పలు, పీతలు మానేయాలా? ఎక్కడ పెరిగాయి, ఏ భాగం, నెలకు ఎంత అన్నవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు ఎంవీపీ కాలనీలో ఉంటారు. మీ ఆవిడకు ఐదో నెల, పాపకు నాలుగేళ్లు. మీ మావయ్యగారు నెలకు రెండు మూడు సార్లు రాళ్ల మీద నుంచి తీసిన ఆల్చిప్పలు తెచ్చిస్తారు. ఆదివారమైతే పీతల పులుసో, రొయ్యల ఇగురో ఉంటుంది. విశాఖ తీరంలో దొరికే గుల్లల్లో కాడ్మియం, సీసం ఉన్నాయని ఒక వీడియో చూసినప్పటి నుంచి ఇంట్లో టెన్షన్. అన్నీ మానేయాలా, ఉప్పూ పసుపూ వేసి బాగా కడిగితే సరిపోతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రొయ్యలు, పీత కండ మానక్కర్లేదు. హార్బర్ లోపల, జెట్టీ స్తంభాల మీద, గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట పెరిగిన ఆల్చిప్పలు మాత్రం ఇంట్లో ఎవరికీ వద్దు. ఎక్కడివో గట్టిగా చెప్పలేని ఆల్చిప్పలను మీ ఆవిడకు, పాపకు అసలు పెట్టకండి. ఇక కడగడం సంగతి: ఉప్పు, పసుపు, నిమ్మరసం, చింతపండు, కుక్కర్‌లో నాలుగు విజిల్స్... వీటిలో ఏదీ లోహాన్ని బయటికి తీయలేదు.

ఎగుమతికి వెళ్లే సముద్రపు సరుకును పరీక్షించే ల్యాబుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. రొయ్య, పీత, స్క్విడ్, ఆల్చిప్ప అన్నిటినీ నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, లోహాల్ని కొలిచే మెషిన్ మీద పెట్టడమే నా పని. అక్కడ చూసినదాన్ని బట్టే చెబుతున్నాను.

రొయ్యను, ఆల్చిప్పను ఒకే గాటన కట్టకూడదు. ఆల్చిప్ప కదలదు. రాయికి నారతో అతుక్కుని, ఉన్నచోటే నోరు తెరుచుకుని నీళ్లు పీల్చి వడకట్టుకుంటుంది. బాగా ఎదిగిన ఒక్క ఆల్చిప్ప గంటకు లీటరుకు పైగా నీటిని వడకడుతుంది. నాచుతో పాటు నీటిలో తేలే సన్నటి బురద రేణువులు, వాటికి అంటుకున్న లోహాలు అన్నీ లోపలికి వెళ్తాయి. కాడ్మియం ఒంట్లోకి చేరగానే దాన్ని పట్టి ఉంచే మెటల్లోథయోనీన్ అనే ప్రొటీన్ ఆ జీవిలో తయారవుతుంది. దానివల్ల ఆల్చిప్ప బతుకుతుంది, లోహం మాత్రం దాని ఒంట్లోనే నిల్వ ఉండిపోతుంది. నీటిలో కొలవడానికి అందనంత తక్కువ ఉన్న కాడ్మియం కూడా ఆల్చిప్ప మాంసంలో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే సముద్రం ఎంత పాడైందో తెలుసుకోవడానికి ఆల్చిప్పలనే కొలిచే పద్ధతిని ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1975లో ప్రతిపాదించారు. అమెరికాలో 1986 నుంచి ప్రభుత్వమే 'మసెల్ వాచ్' (ఆల్చిప్పల నిఘా) పేరుతో ఆ పని చేస్తోంది. తీరంలోని కాలుష్యాన్ని కొలవడానికి వాడే జీవిని మనం కూర వండుకుంటున్నామన్న సంగతి మనసులో పెట్టుకుంటే, ఎక్కడ పెరిగింది అన్న ప్రశ్న ఎందుకు ముందు వస్తుందో అర్థమవుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. విశాఖ ఇన్నర్ హార్బర్ చుట్టూ భూమి ఉన్న నీటి మడుగు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నటి కాలువ గుండానే దానికి సముద్రంతో రాకపోకలు. పోర్టు 1933లో మొదలైంది. ఓడల అడుగుకు వేసే రంగులు, రేవులో దించే ఖనిజాలు, చుట్టూ వెలిసిన పరిశ్రమలు, మేఘాద్రిగెడ్డ మోసుకొచ్చే నీళ్లు, ఊరి మురుగు అన్నీ దశాబ్దాల పాటు అక్కడికే చేరాయి. ఊళ్లో ఉన్న జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. జింక్ ఖనిజంలో కాడ్మియం ఎప్పుడూ తోడుగా ఉంటుంది. ఫ్యాక్టరీలు మూతపడినా, నిబంధనలు కఠినమైనా అడుగున పేరుకున్న బురద మాత్రం అక్కడే ఉంటుంది. పెద్ద ఓడ తిరిగినప్పుడు, డ్రెడ్జింగ్ జరిగినప్పుడు అది మళ్లీ పైకి లేచి నీటిలో కలుస్తుంది. అక్కడి స్తంభాలకు పట్టిన ఆల్చిప్పలు చూడ్డానికి పెద్దగా, కండపుష్టిగా ఉంటాయి, ఎందుకంటే మురుగు వల్ల నాచు మేత బాగా దొరుకుతుంది. బలంగా ఉన్నాయి కదా, మంచివే అనుకుని తీసుకెళ్లేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

గెడ్డల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఉప్పునీటిలో కాడ్మియం ఎక్కువ భాగం క్లోరైడ్‌తో కలిసి ఉంటుంది. ఆ రూపంలో అది జీవి ఒంట్లోకి అంత తేలిగ్గా వెళ్లదు. వానలు పడి గెడ్డ నీళ్లు కలిస్తే ఉప్పదనం తగ్గుతుంది, కాడ్మియం విడి అయాన్‌గా మారుతుంది, ఆల్చిప్ప దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. నీటిలో లోహం పెరగకపోయినా మాంసంలో పెరగవచ్చు. దాని మీద పై నుంచి మురుగు. అందుకే వానాకాలంలోనూ, తుపాను వెళ్లిన తర్వాత కొన్ని వారాల పాటూ గెడ్డ దాపున తీసిన ఆల్చిప్పల జోలికి నేను వెళ్లను. అప్పుడు లోహాల కంటే ముందు కామెర్లు తెచ్చే వైరస్, విరేచనాలు తెచ్చే విబ్రియో సూక్ష్మజీవులు దెబ్బ కొడతాయి.

మీ మావయ్యగారిని అడగాల్సింది ఒకటే: ఏ రాళ్ల మీద తీశారు? ఊరికి ఉత్తరాన, రేవుకు దూరంగా, దగ్గర్లో గెడ్డ గానీ మురుగు కాలువ గానీ లేని రాళ్లయితే కథ వేరు. హార్బర్ గోడ దగ్గరో, జెట్టీ కిందో అని చెబితే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఫిషింగ్ హార్బర్‌లో కొన్న రొయ్యలు హార్బర్ నీటిలో పెరిగినవి కావు. బోట్లు సముద్రంలోకి దూరంగా వెళ్లి పట్టి తెచ్చినవాటిని అక్కడ దించుతాయి, అంతే. వనామీ అయితే చెరువుల్లో పెంచింది. అమ్మిన చోటును పట్టి రొయ్యను అనుమానించవద్దు. ఆల్చిప్పకైతే ఆ వెసులుబాటు లేదు, అది అతుక్కున్న రాయి మీదే పెరుగుతుంది.

రెండోది, ఏ భాగం తింటున్నారు. ఒకసారి మా ల్యాబుకు పీతల శాంపిల్ వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు డిప్పలోనిది కూడా కలిపి మిక్సీ పట్టాడు. కాడ్మియం పరిమితి దాటేసింది, ఆఫీసులో అందరికీ ముచ్చెమటలు. అదే లాట్‌లో మిగిలిన పీతల డెక్కల నుంచి, కాళ్ల నుంచి కండ మాత్రమే తీసి మళ్లీ చేస్తే అంకె పరిమితికి చాలా కింద ఉంది. పీతలు అవే, నీరు అదే. తేడా అంతా డిప్పలో ఉండే మెత్తటి పసుపు-గోధుమ రంగు పదార్థంలో ఉంది. మన ఇళ్లలో దాన్ని కొవ్వు అంటారు, ఇష్టంగా అన్నంలో కలుపుకుంటారు. నిజానికి అది పీతకు కాలేయం చేసే పని చేసే గ్రంథి. కాడ్మియం పోగయ్యేది అక్కడే. యూరప్ నిబంధనల్లో పీతకు పెట్టిన కిలోకు 0.5 మిల్లీగ్రాముల కాడ్మియం పరిమితి కూడా కాళ్లు, డెక్కల కండకే వర్తిస్తుంది, ఆ గ్రంథిని లెక్కలోకి తీసుకోరు. పాపకు పీత పెడితే డెక్కలో కండ పెట్టండి. డిప్పలోది పిల్లలకూ గర్భిణికీ వద్దు. బురదలో బొరియలు చేసుకుని ఉండే మండపీత విషయంలో నేనైతే పెద్దవాళ్లకు కూడా ఇదే చెబుతాను.

రొయ్యకు ఆ గ్రంథి తలలో ఉంటుంది. తల తీసేస్తే ఆ బెంగ చాలా వరకు తీరుతుంది. తలకాయలతో పులుసు రుచి వేరే అని నాకూ తెలుసు, ఎప్పుడో ఒకసారి పెద్దవాళ్లు తింటే ఏమీ కాదు. స్క్విడ్‌ను పొట్ట పూర్తిగా తీసి కడిగి వండాలి, దాని లోపలి గ్రంథిలో కాడ్మియం బాగా ఎక్కువ. ఎండు రొయ్యపొట్టు తలతో సహా ఎండినది, నీరంతా పోయి చిక్కబడింది కాబట్టి కిలోకు అంకె పెద్దదిగా వస్తుంది. కానీ మనం వాడేది గుప్పెడే.

మూడోది, నెలకు ఎంత. ఇది లెక్కతోనే తేలుతుంది. కాడ్మియం రోజువారీగా కాక నెల మొత్తానికి చూడాల్సిన లోహం, ఎందుకంటే మూత్రపిండాల్లో చేరినది సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ ఆహార నిపుణుల కమిటీ 2010లో పెట్టిన హద్దు, శరీర బరువులో ప్రతి కిలోకు నెలకు 25 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నెలకు 1,500 మైక్రోగ్రాములు. 15 కిలోల పాపకు 375.

ఆల్చిప్ప మాంసంలో కాడ్మియానికి యూరప్ పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ పరిమితి 2. మీరు తెచ్చుకున్నవి సరిగ్గా 1 దగ్గర ఉన్నాయనుకుందాం. 100 గ్రాముల మాంసంలో 100 మైక్రోగ్రాములు వస్తుంది. నెలకు రెండుసార్లు తింటే పెద్దవాళ్లకు 200, అంటే హద్దులో ఏడో వంతు లోపే. పాపకు 50 గ్రాముల చొప్పున మూడుసార్లు పెడితే 150, అది ఆమె హద్దులో 40 శాతం. మిగతా తిండి ఖాళీగా లేదు. వరి కూడా నేల నుంచి కాడ్మియం తీసుకుంటుంది, మనం మూడు పూటలా తినేది అదే. అందుకే పాప విషయంలో నేను గీత దగ్గరగా గీస్తున్నాను.

ఇదే లెక్కను రేవు పక్కన ఉండి, కూరకు డబ్బుల్లేని రోజుల్లో రాళ్ల మీద ఆల్చిప్పలు ఏరుకుని నెలలో ఇరవై రోజులు తినే ఇంటికి వేయండి. ఒక్క ఆల్చిప్పల నుంచే 2,000. హద్దు దాటిపోయింది, అదీ ఆల్చిప్పలు పరిమితి లోపలే ఉన్నాయనుకుంటే. వాళ్ల గురించి చివర మళ్లీ చెబుతాను.

కడగడం గురించి ఇంకొంచెం. మురుగు నుంచి వచ్చే బ్యాక్టీరియాను తగ్గించడానికి ఆల్చిప్పలను శుభ్రమైన ఉప్పునీటిలో ఒకటి రెండు రోజులు ఉంచే పద్ధతి నిజంగా పనిచేస్తుంది. పేగులోని ఇసుక, బురద కూడా కక్కేస్తాయి. ఆ బురదతో పాటు సీసం కొంత పోవచ్చు. కండలోకి ఇంకిన కాడ్మియం అలా పోదు. శుభ్రమైన నీటిలో వారాలు, నెలలు ఉంచితేనే నెమ్మదిగా తగ్గుతుంది. ఇంట్లో బకెట్‌లో రాత్రంతా ఉంచితే అయ్యే పని కాదు. ఉడికిస్తే మాంసంలో నీరు పోయి కుంచించుకుపోతుంది, గ్రాముకు లోహం ఇంకాస్త పెరిగినట్టు కనిపిస్తుంది.

పసుపు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన విడి పసుపు మన దేశంలో పట్టుబడిన సందర్భాలున్నాయి. సీసం పోవాలని వేసే పసుపులోనే సీసం ఉంటే అంతకంటే అన్యాయం లేదు. కొమ్ములు కొని పట్టించుకోండి, లేదా నమ్మకమైన ప్యాకెట్ కొనండి. పాప ఒంట్లోకి సీసం చేరకూడదన్నదే మీ దిగులైతే ముందు ఆ పసుపు, పాత పెచ్చులూడే పెయింటు, రంగు కుంకుమ చూడండి. సీసానికి ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దును అదే కమిటీ 2010లో పూర్తిగా ఎత్తేసింది, పిల్లల మెదడు విషయంలో సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ దొరకలేదు కాబట్టి.

మీరు చూసిన వీడియోలోని అంకెల గురించి. ఇలాంటివి చూసేటప్పుడు ఆ అంకె పచ్చి బరువు మీద ఇచ్చిందా, ఎండు బరువు మీద ఇచ్చిందా అని చూడండి. పరిశోధకులు శాంపిల్‌ను ఎండబెట్టి పొడి చేసి కొలుస్తారు. నిబంధనల పరిమితులన్నీ పచ్చి మాంసం బరువు మీద. ఆల్చిప్ప మాంసంలో సుమారు 80 శాతం నీరే. ఎండు బరువు మీద 5 అని ఉంటే పచ్చి బరువు మీద అది 1. ఆ 5ను తెచ్చి పరిమితి 1 పక్కన పెట్టి ఐదు రెట్లు విషం అని చెప్పేస్తారు. ఒక కాలేజీ అబ్బాయి ప్రాజెక్ట్ రిపోర్టులో ఇదే పొరపాటు చేసి కళ్లలో నీళ్లతో నా దగ్గరికి వచ్చాడు, వాళ్ల నాన్న చేపలు అమ్ముతారు.

ఆర్సెనిక్ అంకె కూడా అంతే. సముద్రపు జీవుల్లో మొత్తం ఆర్సెనిక్ ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది, కానీ అందులో చాలా భాగం ఆర్సెనోబీటైన్ అనే రూపం, మూత్రంలో అలాగే బయటికి పోతుంది. చూడాల్సింది విషం చూపే రూపమైన ఇనార్గానిక్ ఆర్సెనిక్. రాగి కనిపించిందని భయపడక్కర్లేదు, పీత నెత్తురు నీలంగా ఉండేదే రాగి వల్ల.

మీ ఆవిడ విషయంలో రెండు మాటలు. ఒంట్లో ఐరన్ తక్కువగా ఉన్న ఆడవాళ్ల పేగులు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు ఒక్క రోజు కూడా మానవద్దని చెప్పండి. రెండోది పాదరసం. గర్భంలో బిడ్డకు పాదరసం ప్రమాదం, కానీ అది గుల్లల్లో, రొయ్యల్లో తక్కువే. ఇతర చేపల్ని తిని ఏళ్ల తరబడి పెరిగే పెద్ద చేపల్లో ఎక్కువ. కాబట్టి పెద్ద సొర, పెద్ద కోనెం ఈ నెలల్లో వద్దు. బాలింతకు సొరపిట్టు పెట్టడం మన వైపు ఆనవాయితీ. పెట్టాలనుకుంటే చిన్నదైన పాలసొరతో చేయించండి, పెద్ద సొర ముక్కలు కొనవద్దు. రొయ్యలు, చిన్న చేపలు నిశ్చింతగా పెట్టండి. అందులో ఉన్న ప్రొటీన్, అయోడిన్, బి12 ఆమెకు ఇప్పుడు కావాలి. భయంతో అన్నీ మాన్పిస్తే జరిగే నష్టం ఎక్కువ.

ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని చెప్పే పొడులు, డ్రిప్పుల మీద డబ్బు పెట్టకండి. ఏళ్లుగా చేరిన కాడ్మియాన్ని తీసే మందు లేదు. సీసం గురించి అనుమానం ఉంటే పిల్లల డాక్టర్‌ను అడిగి రక్తపరీక్ష చేయించండి.

ఇక రోజూ తినేవాళ్ల మాట. రేవు దగ్గరి పేటలో ఒక పెద్దావిడ కుటుంబం నాకు తెలుసు. ఆల్చిప్పలు ఏరి ఉడకబెట్టి మాంసం అమ్మేది, మిగిలింది ఇంట్లో కూర. పైగా అడ్డపొగ అలవాటు, చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని తాగడం. పొగాకు ఆకు కాడ్మియాన్ని బాగా పట్టుకునే మొక్క. అంటే రెండు దారుల్లో చేరుతోంది. ఆమెకు మూత్రపిండాల జబ్బు వచ్చింది. దేనివల్ల అని ఒక్క మనిషి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ కాడ్మియం ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాల్నే. జపాన్‌లో 1956లో బయటపడిన మినమాటా జబ్బు కూడా ఆ బేలో చేపలు, గుల్లలు రోజూ తిన్న జాలరి కుటుంబాలనే ముందు పట్టింది. అక్కడ లోహం పాదరసం. మీరూ నేనూ కావాలంటే ఆల్చిప్ప మానేసి కోడి కొనుక్కుంటాం. వాళ్లకు ఆ ఎంపిక లేదు. మన దగ్గర ఎగుమతి సరుకును పరీక్షించినంత గట్టిగా రేవు రాళ్ల మీద ఏరి పేటలో అమ్మే ఆల్చిప్పల్ని పరీక్షించడం నేను చూడలేదు. ఏ రాళ్ల మీద తీయకూడదో తెలుగులో రాసిన ఒక బోర్డు అక్కడ పెట్టాలని నేను అడుగుతూనే ఉన్నాను.

మీకు ఓపిక ఉంటే, మావయ్యగారు తీసే చోటును ఒకసారి పరీక్ష చేయించండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఫుడ్ ల్యాబ్ చూసుకోండి. ఒకే సైజువి ఇరవై పాతిక ఆల్చిప్పలు, గుల్ల విప్పకుండా, సముద్రపు నీటితో కడిగి, కొత్త ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఐస్ మీద అదే రోజు ఇవ్వండి. ఇంటి కత్తితో ఒలిచి స్టీలు డబ్బాలో తీసుకెళ్లవద్దు. కాడ్మియం, సీసం, పాదరసం చాలు, ఫలితం పచ్చి బరువు మీద కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకటి వానల తర్వాత, ఒకటి ఎండాకాలంలో చేయిస్తే మంచిది. గుడ్లు వదిలిన తర్వాత ఆల్చిప్ప చిక్కిపోతుంది, అదే లోహం తక్కువ మాంసంలో సర్దుకుని అంకె పెరుగుతుంది. అందుకని ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఆ రాయి పేరు మాత్రం తప్పకుండా రాయండి.